కంపెనీ పనిముట్టు చేరని ఊళ్లు

నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లికి దగ్గరగా, నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రహదారి మీద ఉన్న మండల కేంద్రం దామరచర్ల. ఉత్తరాన మిర్యాలగూడ బియ్యం మిల్లులు, దక్షిణాన కృష్ణ వంతెన దాటితే పల్నాడు, మధ్యలో సున్నపురాయి నేలలు, సిమెంటు కర్మాగారాలు, లంబాడీ తండాలు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండే వరి పొలాలు ఉన్న ఈ ప్రాంతంలో మోటారుసైకిలు ఒకటి రెండు తరాల్లోనే ఎద్దుబండికి తోడుగా నిలిచి, పాలక్యాన్లను, ఎరువు బస్తాలను, కాలిపోయిన పంపుసెట్టు మోటార్లను మోసింది. బరువులు మోసిన బండి కనుకనే అది అరిగింది, వంగింది, విరిగింది. గుంతల దెబ్బనంతా తానే భరించే ముందరి ఫోర్కు మిగతా భాగాలకంటే త్వరగా పాడైంది. ఆ ఫోర్కును విప్పి మళ్లీ కూర్చడానికి తయారీ సంస్థలు ప్రత్యేకంగా చేయించిన పనిముట్లు హైదరాబాదు వంటి నగరాల్లోని డీలర్ల దగ్గర ఉండేవే తప్ప, 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఇక్కడి మెకానిక్కుల రేకుల షెడ్ల దాకా వచ్చేవి కావు. అవి లేకుండా ఆ పని ఏ విధంగా సాగింది, దాని వెనుక ఏ పాత విద్య ఉంది అన్నది తెలంగాణ చేతిపనుల చరిత్రలో ఇంకా సరైన చోటు దక్కని ప్రకరణం.

ఫోర్కు అంటే ముందు చక్రానికి ఇరువైపులా నిలిచే రెండు కాళ్ల జత. ఒక్కో కాలిలో ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు ఉంటాయి. పైన ఉండే నునుపైన ఉక్కు గొట్టాన్ని మెకానిక్కులు ఫోర్కు పైపు అనీ, చక్రపు ఇరుసును పట్టుకుని ఉండే కింది గొట్టాన్ని బాటమ్ అనీ పిలుస్తారు. లోపల స్ప్రింగు గుంత దెబ్బను మింగుతుంది. ఆ స్ప్రింగు మళ్లీ మళ్లీ ఎగిరిపడకుండా ఆయిలు సన్నని రంధ్రాల గుండా పైకీ కిందికీ పోతూ దాని వేగాన్ని అణచిపెడుతుంది. రెండు గొట్టాలు ఒరుసుకోకుండా మధ్యన బుష్షులు, అంటే అరుగుదలను తమ మీద వేసుకునే లోహపు తొడుగులు ఉంటాయి. ఆయిలు బయటికి కారకుండా గొట్టాన్ని తన రబ్బరు పెదవితో అదిమి పట్టుకునేది ఆయిల్ సీల్. రెండు కాళ్లనూ పైన కలిపి ఉంచే దిమ్మెకు టీ అనీ, ఆ టీ చాసిస్ మెడలో తిరగడానికి వీలు కల్పించే గోళీల అమరికకు కోన్‌సెట్ అనీ పేర్లు.

తొలి మోటారుసైకిళ్లకు ఈ అమరిక లేదు. కడ్డీలతో కట్టిన చట్రం, దానికి ఒక స్ప్రింగు, ఒరిపిడితో ఊపును ఆపే బిళ్లలు ఉన్న గిర్డర్ ఫోర్కులే చాలాకాలం నడిచాయి. ఆయిలుతో ఊపును అణచే జారుడు గొట్టాల ఫోర్కును 1935లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ ఆర్12, ఆర్17 బండ్ల మీద తెచ్చింది. 1941లో ఇంగ్లండులో మ్యాచ్‌లెస్ సంస్థ సైన్యం కోసం చేసిన జీ3/ఎల్ బండికి అటువంటి ఫోర్కునే అమర్చింది. అదే యుద్ధంలో లక్షకు పైగా తయారైన బీఎస్ఏ ఎం20 మాత్రం గిర్డర్ ఫోర్కుతోనే యుద్ధమంతా తిరిగింది. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని ఇటువంటి బండ్లు వేలంపాటల ద్వారా పౌరుల చేతికి వచ్చాయి. స్వాతంత్ర్యం తరువాత భారత సైన్యం సరిహద్దు గస్తీకి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను ఎంచుకోవడంతో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో బండ్లను కూర్చడం మొదలుపెట్టింది. 1957లో ఇంగ్లండు నుంచి తయారీ సరంజామా వచ్చింది, 1962 నాటికి విడిభాగాలన్నీ ఇక్కడే తయారుకాసాగాయి. మైసూరులో ఐడియల్ జావా 1961లో ఉత్పత్తి ప్రారంభించింది. పోలండ్ దేశపు ఎస్‌హెచ్ఎల్ నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ 1962 నుంచి రాజ్‌దూత్‌ను చేసింది. 1957 నాటి విదేశీ మారకద్రవ్య సంక్షోభం తరువాత దిగుమతులు బాగా బిగుసుకుపోవడం వల్ల, అంతకుముందే దేశంలోకి వచ్చి ఉన్న ఇంగ్లండు బండ్లకు కొత్త విడిభాగం గానీ కొత్త పనిముట్టు గానీ దొరకడం గగనమైంది.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు అసలు మలుపు 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదలడంతో వచ్చింది. మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. వరి పెరిగింది, మిల్లులు వెలిశాయి, మిల్లులతోపాటు వాటి షాఫ్టులను, కప్పీలను, బుష్షులను మరమ్మతు చేసే లేత్ షాపులు వచ్చాయి. మోటారుసైకిలు చరిత్రకు ఈ లేత్ షాపులు ఎంత ముఖ్యమో గ్రహించకపోతే, ఫోర్కు మరమ్మతు చరిత్ర సగమే అర్థమవుతుంది. బియ్యం మిల్లు కోసం పెట్టిన లేత్ మీదే రాజ్‌దూత్ ముందు కాళ్లకు గన్‌మెటల్ బుష్షు తిరిగింది. తొలినాటి రాజ్‌దూత్‌కు జారుడు గొట్టాల బదులు ముందుకు చాచిన చేతులు ఊగే ఫోర్కు ఉండేది కనుక, దాని ప్రాణమంతా ఆ చేతులు ఊగే కీళ్లలోని బుష్షుల్లోనే ఉండేది. అవి అరిగితే చక్రం అటూ ఇటూ తొణకడం మొదలయ్యేది. కొత్త బుష్షుల జత కోసం నగరానికి పోయి రావడం ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే అయినప్పుడు, పక్క వీధిలో టర్నర్ గంటలో తిప్పి ఇచ్చే బుష్షు రైతుకు వరమైంది.

ప్రత్యేక పనిముట్టు అంటే ఒక నమూనాలోని ఒకే ఒక భాగం కోసం చేసినది, మరే పనికీ ఉపయోగపడనిది. దానికి కంపెనీ జాబితాలో ఒక సంఖ్య ఉంటుంది, అధీకృత డీలరుకే అది అందేది. బయటి మెకానిక్కుకు అది అందకపోవడాన్ని కేవలం డబ్బు లేమిగా చూడడం పొరపాటు. ఆ పనిముట్టులో కొలత కూడా ఇమిడి ఉంటుంది: సీల్‌ను ఎంత లోతుకు దించాలి, ఏ అంచు మీద బలం వేయాలి, ఎక్కడ ఆపాలి అన్న సంగతులు దాని ఆకారంలోనే రాసి ఉంటాయి. అది చేతిలో ఉన్నవాడికి ఆ సంగతులు తెలియకపోయినా పని జరిగిపోతుంది. అది లేనివాడు వాటిని తన తలలో పెట్టుకోక తప్పదు. ఈ ప్రాంతపు పాత మెకానిక్కుల నేర్పును తూచవలసింది ఈ లెక్కతోనే.

ఇబ్బంది మామూలు పానా దగ్గరే మొదలయ్యేది. బుల్లెట్ ఇంగ్లండు బండి కనుక దాని నట్లు, బోల్టులు చాలాకాలం అంగుళాల కొలతలోనే వచ్చాయి. చెక్ మూలం ఉన్న జావా, పోలండ్ మూలం ఉన్న రాజ్‌దూత్ మిల్లీమీటర్ల బండ్లు. 1956 నాటి తూనికలు కొలతల చట్టం దరిమిలా దేశం మెట్రిక్ పద్ధతికి మారింది, బజారులో దొరికే పానాలూ మిల్లీమీటర్లకు మారాయి. విట్‌వర్త్ అనే పాత ఇంగ్లండు పద్ధతిలో పావు అంగుళం పానా నోటి వెడల్పు 0.525 అంగుళాలు, అంటే 13.3 మిల్లీమీటర్లు. దాని నట్టు మీద 13 నంబరు పానా ఎక్కదు, 14 నంబరు పానా వదులై నట్టు మూలలను గుండ్రంగా తినేస్తుంది. అందువల్ల ఒక 13 నంబరు పానా నోటిని ఆకురాయితో మిల్లీమీటరులో మూడో వంతు మేర అరగదీసి, దాన్ని బుల్లెట్ పనికే వేరుగా ఉంచుకోవడం మంచి మెకానిక్కు లక్షణం. గురువును ఉస్తాద్ అనీ, స్క్రూడ్రైవరును పేంచ్‌కస్ అనీ, 10-11 పానాను దస్-గ్యారా అనీ పిలిచే ఈ షెడ్లలో పనివాడి భాష దక్కనీ ఉర్దూ, తెలుగు కలగలిసినది. అంగుళాల పానా, మిల్లీ పానా అన్న తేడా తెలిసిన పిల్లవాడికే ఉస్తాద్ బుల్లెట్ మీద చేయి వేయనిచ్చేవాడు.

తన పనిముట్టును తానే చేసుకోవడం ఈ నేలలో మోటారుసైకిలుతో పుట్టిన అలవాటు కాదు. తెలంగాణ ఇనుప పనికి పేరుపొందిన నేల. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు తొలినాళ్లలో ఆ ఊరిని చూసిన హెన్రీ వాయ్‌సే రాశాడు. అయితే ఫోర్కు మరమ్మతుకు దగ్గరి చుట్టం ఆ మేలురకపు ఉక్కు కంటే, కల్లం దగ్గర ధాన్యం కొలుచుకుని ఊరి నాగళ్లను, కొడవళ్లను, బండి చక్రాలను ఏడాది పొడుగునా చూసుకున్న కమ్మరి కొలిమి. కమ్మరి పట్టకార్లు, ఉలులు, సుత్తులు అతని కొలిమిలోనే పుట్టేవి. చెక్క చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు, చక్రం చుట్టుకొలత కంటే కాస్త చిన్నదిగా పట్టాను చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగిన క్షణంలో చక్రం మీదికి దించి, నీళ్లు పోసి కుదించేవాడు. వేడికి లోహం సాగుతుంది, చల్లదనానికి బిగుస్తుంది అన్న ఈ తెలివి, 1980ల నుంచి అల్యూమినియం బాటమ్‌లతో వచ్చిన యమహా, హోండా జాతి బండ్ల ఫోర్కుల దగ్గర అక్షరాలా అక్కరకు వచ్చింది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి, బాటమ్ పైకొనకు మరిగే నీళ్లు పోసి వేడెక్కిస్తే, దానిలో బిగుసుకున్న సీల్ ఉక్కు వలయం పట్టు వదులుతుంది. టైరు లివరు కింద చిన్న చెక్క బిళ్ల పెట్టి మెల్లగా ఎత్తితే అంచు చితకకుండా బయటికి వస్తుంది.

కొత్త సీల్‌ను దించడానికి కంపెనీ ఇచ్చే సాధనం ఒక బరువైన గొట్టం. అది సీల్ చుట్టూ సమానంగా దెబ్బ వేస్తుంది. దానికి బదులు పొలాల్లో బోరుబావులకు వాడే ప్లాస్టిక్ పైపుల ముక్కల్లోంచి, ఫోర్కు పైపు మీద జారేంత వెడల్పూ సీల్ అంచు మీద ఆనేంత మందమూ ఉన్నదాన్ని వెతికి, కొనను రంపంతో తిన్నగా కోసి, ఆకురాయితో నునుపు చేసి వాడతారు. ఇక్కడ సూక్ష్మం ఒకటి ఉంది: విప్పిన పాత సీల్‌ను పారేయకుండా కొత్త సీల్ మీద పెట్టి, దాని మీద పైపు ముక్కతో కొడితే, దెబ్బ కొత్త సీల్ బయటి వలయం మీదే పడుతుంది, రబ్బరు పెదవికి తగలదు. పాత సీల్ తన బదులు వచ్చిన దాన్ని గూట్లోకి దించి తప్పుకుంటుందన్నమాట. సీల్ పెదవి చుట్టూ ఉండే సన్నని వలయపు స్ప్రింగు వదులైతే, దాన్ని విప్పి ఒకటి రెండు మిల్లీమీటర్లు కత్తిరించి మళ్లీ కలిపి, కొత్త సీల్ దొరికే దాకా పాతదానితోనే నెట్టుకురావడం కూడా ఉంది.

బుల్లెట్‌లో ఫోర్కు పైపు పైకొన, టైగర్ ల్యాంపులు అని పిలిచే రెండు చిన్న దీపాలతో కూడిన హెడ్‌లైటు గూడులోని మరలోకి బిగుస్తుంది. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన ఆ మరను తిప్పాలంటే పైపును గట్టిగా పట్టుకునే సాధనం కావాలి. తొందరపడినవాడు పైపు పానా వేస్తాడు. దాని పళ్ల గాట్లు పైపు మీద నిలిచిపోతాయి, సీల్ జారే చోట గాటు పడితే ఇక ఆ ఫోర్కు ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది. ఓపిక ఉన్నవాడు వడ్రంగి దగ్గరికి పోతాడు. గట్టి కర్ర దిమ్మెకు పైపు అంత బెజ్జం వేయించి, దాన్ని నిలువునా రెండుగా కోయించి, పైపుకు గుడ్డ చుట్టి ఆ రెండు ముక్కల మధ్య పెట్టి బెంచీవైసులో బిగిస్తే, ఉక్కును కర్ర పట్టుకుంటుంది, గీత పడదు. ఇంగ్లండు బీఎస్ఏ బండ్లలో పరిస్థితి వేరు. వాటి పైపు పైకొన మొనదేలి టీలోని అటువంటి ఏటవాలు రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. దించేటప్పుడు పై నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదిలి, దాని మీద చెక్కను పెట్టి ఒక్క గట్టి దెబ్బ వేస్తే పైపు కిందికి జారుతుంది. తిరిగి పైకి లాగడమే కష్టం, ఎందుకంటే స్ప్రింగు కిందికి తోస్తూ ఉంటుంది. అందుకు పాత పై నట్టును ఒక పొడవాటి కడ్డీకి వెల్డింగ్ చేయించి, దాన్ని టీ పైనుంచి దింపి పైపు మరలోకి తిప్పి, పైకి లాగి పట్టుకునే సాధనాన్ని చేసుకోవడం లోకమంతటా పాత బీఎస్ఏలు బాగుచేసేవారికి తెలిసిన ఉపాయమే. సీల్‌ను పట్టి ఉంచే గిన్నె మరను విప్పే ప్రత్యేక పానాకు బదులుగా, మిల్లు బెల్టు ముక్కను ఒక కర్రకు మేకులతో కొట్టి, గిన్నె చుట్టూ తిప్పి బిగించి లాగేవారు.

1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాక చిక్కు రూపం మారింది. ఈ ఫోర్కుల్లో బాటమ్ అడుగు నుంచి ఒక ఎలన్ బోల్టు లోపలి డంపర్ రాడ్డులోకి, అంటే ఆయిలును అదుపు చేసే సన్నని గొట్టంలోకి బిగుస్తుంది. బోల్టును తిప్పితే లోపలి రాడ్డు కూడా దానితోపాటే తిరుగుతుంది, మర ఊడదు. దాన్ని పైనుంచి పట్టుకోవడానికి కంపెనీ ఒక పొడవాటి కడ్డీని ఇచ్చేది. దానికి మొదటి విరుగుడు అసలు పనిముట్టే లేనిది: స్ప్రింగును, పై నట్టును విప్పకముందే, స్ప్రింగు ఒత్తిడి రాడ్డును అదిమి పట్టి ఉండగానే అడుగు బోల్టును వదులు చేయడం. విప్పే వరుస తెలిస్తే చాలు, సాధనం అవసరం ఉండదు. అప్పటికే స్ప్రింగు తీసేసిన బండి వస్తే, పొడవాటి కర్ర కొనను కోసుగా చెక్కి, రాడ్డు నోట్లో దిగ్గొట్టి, ఒకరు కర్రను అదిమి పట్టగా మరొకరు ఎలన్ కీ తిప్పుతారు. లేదా రాడ్డు నోటికి సరిపడే తల ఉన్న బోల్టును ఇనుప కడ్డీకి అతికించుకుంటారు.

కోన్‌సెట్ పైన ఉండే గాట్ల రింగు నట్టుకు కొక్కెం వంటి పానా కావాలి. హైదరాబాదు, విజయవాడ రహదారి మీద ఉన్న సూర్యాపేట, కోదాడల్లో లారీల కమాను పట్టీలు విరగని రోజు ఉండదు. కత్తులకూ గొడ్డళ్లకూ పనికొచ్చే ఆ స్ప్రింగు ఉక్కునే కొలిమిలో వంచి, కొనను గాటుకు సరిపడేలా అరగదీసి కొక్కెం పానాలు చేయించుకోవచ్చు. ఉలి పెట్టి సుత్తితో కొట్టే అలవాటు కూడా ఉంది, దాన్ని మెచ్చుకోవలసిన పని లేదు. ఆ దెబ్బలు తిన్న నట్టు రెండోసారికి పనికిరాదు, మెడ బిగువు ఎంత ఉందో చేతికి తెలియదు.

వంగిన పైపును గుర్తించడానికి ఒక మందపాటి గాజు పలక చాలు. దాని మీద పైపును దొర్లిస్తే, వంకర ఉన్న చోట కింద నుంచి వెలుతురు సన్నని చారగా కనిపిస్తుంది. లేత్ ఉంటే పైపును రెండు కేంద్రాల మధ్య పెట్టి తిప్పుతూ సుద్దముక్కను దగ్గరికి తెస్తారు. ఎక్కడ సుద్ద అంటుతుందో అక్కడ పొంగు ఉన్నట్టు. లారీ జాకీని ఒక ఇనుప చట్రంలో పెట్టి, ఆ పొంగును కొద్దికొద్దిగా అదుముతూ, మళ్లీ సుద్దతో పరీక్షిస్తూ సరిచేస్తారు. రెండు పైపులనూ టీలో బిగించాక వాటి మీద అడ్డంగా అదే గాజు పలకను ఆనించి, అది నాలుగు చోట్లా కదలకుండా కూర్చుంటే కాళ్లు సమానంగా ఉన్నట్టు, ఊగితే టీ మెలిపడినట్టు తేలుస్తారు. ఆయిలు కొలతకూ గుర్తుల గ్లాసు అక్కరలేకపోయింది. బుల్లెట్ ఒక్కో కాలికి సుమారు 200 మిల్లీలీటర్లు పడుతుంది. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లది. దాన్ని నిండుగా ఒకసారి, మళ్లీ అడుగున తొమ్మిదో వంతు పోస్తే లెక్క సరి. రెండు కాళ్లలోనూ ఒకే కొలత పడడమే ఇక్కడ అసలు సంగతి.

ఈ పద్ధతులన్నిటినీ ఈ మధ్య జుగాడ్, అంటే ఉన్నవాటితో ఏదోలా పని నెట్టుకురావడం, అనే ఒక్క మాట కింద చేర్చి పొగుడుతున్నారు. ఆ పొగడ్త ఈ వృత్తికి అన్యాయం చేస్తుంది, ఎందుకంటే అది రెండు వేర్వేరు పనులను కలిపేస్తుంది. పైపు ముక్కతో సీల్ దించడం, గాజు పలకతో వంకర చూడడం, కర్ర దిమ్మెతో పైపు పట్టడం కంపెనీ పనిముట్టు చేసే పనినే అంత కచ్చితంగానూ చేస్తాయి. మంట పెట్టి పైపు వంకర తీయడం, ముడతపడిన పైపును తిరిగి వాడడం, పగిలిన ఇరుసు పట్టును వెల్డింగ్ చేసి బండిని రోడ్డెక్కించడం అటువంటివి కావు. మంట ఉక్కు బలాన్నీ, పైనున్న క్రోమ్ పూతనూ రెండింటినీ పోగొడుతుంది. ముడత దగ్గర ఉక్కు ఒకసారి లొంగింది కనుక మరోసారి అక్కడే లొంగుతుంది. ముందు చక్రం తప్పితే మనిషి బతకడం కష్టం. సాధనం లేకపోవడం ఒక సంగతి, భాగమే చెడిపోవడం మరో సంగతి అని ఎరిగి, రెండో సందర్భంలో పని ఒప్పుకోకుండా బండిని వెనక్కి పంపినవాడే ఉస్తాద్ అనిపించుకోదగినవాడు.

ఐడియల్ జావా 1996లో మూతపడింది. కొత్త బండ్ల మరమ్మతు కంపెనీ సర్వీసు కేంద్రాలకు పోయింది. మరోవైపు పాత బుల్లెట్లు, ఐడియల్ జావా వారి యెజ్డీలు, ఆర్‌ఎక్స్ 100లు ఇప్పుడు కొత్తనాటి ధరకు ఎన్నో రెట్లు పలుకుతున్నాయి, వాటిని తిరిగి నిలబెట్టుకోవాలనుకునే యువకులు సీల్ దించే గొట్టాన్ని ఫోనులోనే తెప్పించుకుంటున్నారు. దామరచర్ల మండలంలోనే వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం నిలిచిన ఈ కాలంలో, ఆ దారి పక్కన షెడ్లు మూసేస్తున్న పెద్దలతోపాటు వారి చేతిపెట్టెలు కూడా తుక్కు కొట్టుకు పోతున్నాయి. అరగదీసిన 13 నంబరు పానా, కమాను పట్టీ కొక్కెం, నట్టు అతికించిన కడ్డీ, రెండుగా కోసిన కర్ర దిమ్మె తుక్కులో చూసేవారికి విలువ లేని ముక్కలే, వాటి మీద ఏ కంపెనీ పేరూ ఉండదు గనుక. అటువంటి పెట్టె ఇంట్లో ఉన్నవారు దాన్ని కిలోల లెక్కన అమ్మవద్దు. పెద్దాయన ఉండగానే ఒక్కో ముక్క ఏ బండికి, ఏ పనికో అడిగి చీటీ రాసి కట్టండి. నల్లగొండ దగ్గరి పానగల్లు మ్యూజియంలో కాకతీయుల నాటి రాళ్లకు చోటు దొరికింది. ఈ ఇనుముకు కూడా అక్కడ ఒక బల్ల, లేకపోతే కనీసం జిల్లాలోని ఏదైనా ఐటీఐలో ఒక అల్మరా కేటాయించాలి.